ఎండ వెంట కుర్చీ

"ఆ కుర్చీ మళ్ళీ కిందికి ఎలా వచ్చింది?" అన్నారు మా ఆయన, బూట్ల లేసులు కట్టుకుంటూ.

"కాళ్ళున్నాయి కదరా, దిగొచ్చింది," అన్నారు అత్తయ్య దుప్పట్లోంచి.

"నిన్న సాయంత్రమేగా మేడ మీద పెట్టాను!"

"పెట్టావు. అక్కడి చలికి తట్టుకోలేకపోయింది పాపం."

"అమ్మా, ఏజెంటు ఏం చెప్పాడు? ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళ కంట్లో మొదట పడేవి ఇలాంటివేనన్నాడా లేదా? చెయ్యి విరిగి, గుడ్డపీలికతో కట్టు కట్టుకున్న కుర్చీ గది మధ్యలో..."

"చెయ్యి విరిగితే కట్టు కట్టుకోరూ? రేపు నాకూ ఏదో ఒకటి విరుగుతుంది. అప్పుడు నన్ను కూడా మేడెక్కించు."

"నువ్వు ఎక్కగలిగితే అంతకన్నానా!"

"విన్నావా అమ్మాయ్, నీ మొగుడి మాట!"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఆయన లంచ్ డబ్బా మూత సరిగ్గా పట్టిందో లేదో పరీక్షించడంలో మునిగిపోయాను. మేడ మీది నుంచి ఆ పేము కుర్చీని మోసుకొచ్చింది నేనేనని ఇద్దరికీ తెలుసు.

ఆయన తలుపు తీశారు. వీధి దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. మంచులో ఒక్కో దీపం చుట్టూ ఒక్కో దూది ఉండ. ఆయన గేటు దాటేసరికి మనిషి కనపడలేదు, బూట్ల చప్పుడు మాత్రం మిగిలింది. కాసేపటికి అదీ పోయింది.

ఆఫీసు ఊరి అవతలి కొసకు మారినప్పటి నుంచి ఆయన చీకట్లో వెళ్ళి చీకట్లో వస్తున్నారు. ఆదివారాలు మేడ మీద గదిలో ముఖం మీద దిండు పెట్టుకుని, పొద్దు వాలేదాకా నిద్రపోతారు. ఒకసారి బస్సులోంచి ఫోన్ చేసి, "మన నడిమి గది గోడలకు ఏం రంగు వేయించాం?" అని అడిగారు. పక్క సీటాయన ఏదో రంగుల మాట ఎత్తాడట, ఎంత ఆలోచించినా ఈయనకు గుర్తుకు రాలేదట. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాతే ఇల్లు అమ్మేద్దామనుకున్నాం. ఆఫీసుకు నడిచి వెళ్ళేంత దూరంలో చిన్న ఫ్లాటు ఒకటి దొరికింది. మెట్లు లేవు, అత్తయ్య మోకాళ్ళకూ మంచిదే. చలికాలం పోయేదాకా ఎవరికీ ఇవ్వకుండా ఆగుతానన్నాడు దాని యజమాని. ఈలోగా మా ఇల్లు అమ్ముడుపోవాలి.

చలికాలంలోనే అమ్మాలని ఏజెంటు కూడా అన్నాడు గానీ, అతని కారణం వేరు.

మా ఇంట్లో మూడు గదులు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. దక్షిణం పక్క పొడుగునా వసారా. దాని కప్పు, కళ్ళ మీదికి లాక్కున్న ముసుగులా బాగా కిందికి వంగి ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు సూర్యుడు ఆ కప్పు మీదుగానే నడిచి వెళ్ళిపోతాడు. లోపల మిట్టమధ్యాహ్నం కూడా లైటు వెయ్యాలి. బీరువాలో బట్టలకు చెమ్మ వాసన పోదు. పోయిన వేసవిలో కూడా ఇల్లు అమ్మకానికి పెట్టి చూశాం. వచ్చిన ఒకే ఒక్క పెద్దమనిషి గుమ్మంలో నిలబడి, "ఇదేంటండీ, గుహలా ఉంది!" అని లోపల కాలైనా పెట్టకుండా వెళ్ళిపోయాడు.

చలికాలం రాగానే సూర్యుడు కిందికి దిగుతాడు. కప్పు కింద నుంచి వంగి, మూడు కిటికీల్లోంచి లోపలికి తొంగిచూస్తాడు. అప్పుడు ఈ ఇంటి సంగతే వేరు. గాలిలో నలుసులు బంగారప్పొట్టులా తేలుతాయి. గోడలు లోపల్నుంచి వెలుగుతున్నట్టుంటాయి. ఏజెంటు ఈసారి వచ్చినప్పుడు నడిమి గదిలో నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "ఇది ఆ ఇల్లేనా అండీ?" అన్నాడు. తేరుకున్నాక గొంతు తగ్గించి, "చలి ఉండగానే తేల్చేద్దాం. వాళ్ళు అడగనంత వరకూ ఏ కాలంలో ఎండ ఎటు పడుతుందో మనం పాఠం చెప్పక్కర్లేదు," అన్నాడు.

ఎండ పొద్దున ముందు గదిలో దిగుతుంది, మధ్యాహ్నానికి నడిమి గదికి, సాయంత్రానికి వెనక గదికి చేరుతుంది. దాని వెంటే అత్తయ్య కుర్చీ. కుర్చీ కాళ్ళ కింద పాత బొంత మడతపెట్టి వేస్తాం. ఆవిడ కునుకు తీస్తున్నప్పుడు లేపకుండా బొంత అంచు పట్టుకుని లాగితే కుర్చీ పడవలా జారుతుంది. ఏళ్ళ తరబడి అలా లాగీ లాగీ గచ్చు మీద ఒక దారి పడింది. మిగతా నేలకన్నా నున్నగా, అప్పుడే తడిగుడ్డ పెట్టినట్టు మెరుస్తూ ఉంటుంది.

ఈ నాలుగు నెలలూ మా గోడ గడియారాన్ని ఎవరూ పట్టించుకోరు. "ఎండ బీరువా కాలు తాకింది, ఇంకా అన్నం పెట్టవేమే?" "ఎండ మూడో గదికి రాకముందే ఇంట్లో ఉండాలి, తెలిసిందా?" అత్తయ్య నాతోనూ, కాలేజీకి వెళ్ళే మనవరాలితోనూ మాట్లాడే తీరు ఇదే. మాకు అలవాటైపోయి, లోకమంతా ఇలాగే మాట్లాడుకుంటుందనుకుంటాం.

అందుకే ఆ రోజు ఏజెంటు ఫోన్ చేసి ఎప్పుడు రమ్మంటారని అడిగితే, "ఎండ గుమ్మం దాటాక తీసుకురా నాయనా," అని చెప్పి పెట్టేశారు అత్తయ్య. ఆవిడ లెక్కలో అది నడిమి గది గుమ్మం. అంటే భోజనాలయ్యాక, ఇల్లు సర్దుకున్నాక.

ఏజెంటు మర్నాడు పొద్దున్నే దిగాడు. మంచాల మీది పరుపులన్నీ వసారాలో ఎండకు వేసి ఉన్నాయి. నా తలకు తడి తువ్వాలు. ముందు గది మధ్యలో కుర్చీ, కుర్చీలో అత్తయ్య.

"అదేంటి నాయనా, అప్పుడే వచ్చావు?"

"ఎండ గుమ్మం దాటాక రమ్మన్నారు కదండీ. మా షాపు గుమ్మం దాటగానే బయల్దేరాం."

"మీ షాపు తూర్పు మొహం. దానికి తెల్లారగానే దాటుతుంది. ఆ మాత్రం తెలీకుండా ఇళ్ళెలా అమ్ముతున్నావు?"

అతని వెనక నిలబడ్డ ఆవిడ నవ్వబోయింది. ఆ నవ్వు ఆవలింతగా మారింది. వయసు యాభైకి దగ్గరగా ఉంటుంది. పొడుగు మనిషి. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. చెవి వెనక తెల్లగా పిండి మరక. దగ్గరికి వస్తే పొంగిన పిండి వాసన.

"ఏమీ అనుకోకండి. బేకరీ నాది. రాత్రంతా బట్టీ దగ్గరే పని. ఇటు నుంచి ఇటే వచ్చేశాను," అంది.

"అయితే పగలు పడుకుంటావన్నమాట," అన్నారు అత్తయ్య.

"పడుకుంటానండీ. నిద్రే రాదు. ఇప్పుడుండేది మార్కెట్ సందులో. లారీలు, అరుపులు. కళ్ళు మూసుకుంటే చెవులు తెరుచుకుంటాయి."

ఏజెంటు అందుకున్నాడు. "అందుకే మేడం, ఇక్కడ చూడండి ఎంత ప్రశాంతమో! ఆ వెలుతురు చూడండి! ఈ గచ్చు నునుపు చూడండి..." అంటుండగా అతని ఫోన్ మోగింది. వసారాలోకి వెళ్ళాడు. అత్తయ్య మందుబిళ్ళ వేసుకోవడానికి గోడ పట్టుకుని లోపలికి నడిచారు. బేకరీ ఆవిడ కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉండి ఉంటుంది, చెయ్యి తియ్యలేదు.

"ఒక్క నిమిషం కూర్చోవచ్చా?"

"కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను."

నేను గ్లాసుతో వచ్చేసరికి ఆవిడ నిద్రపోయింది. అదేదో కునుకు కాదు. చేతిలో సంచి ఒడిలోకి జారిపోయి, తల ఒక పక్కకు ఒరిగిపోయి, నీళ్ళలో రాయి మునిగినట్టు మునిగిపోయింది.

"మేడం, పైన ఇంకో గది కూడా..." అంటూ వచ్చాడు ఏజెంటు.

"ష్!" అన్నారు అత్తయ్య.

"అమ్మగారూ, ఇంకా రెండిళ్ళు చూపించాలండీ."

"ఇళ్ళెక్కడికీ పోవు. నిద్ర పోతుంది. పోతే మళ్ళీ రాదు."

అతను తల పట్టుకున్నాడు. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, ఇల్లు అమ్మి చూడు అని ఒక్కడూ అనలేదు చూడండి," అని గుసగుసగా గొణిగి, లేచాక ఫోన్ చెయ్యమని చెప్పి పిల్లిలా గేటు దాటాడు.

ఆ రోజు మా ఇంట్లో చప్పుళ్ళన్నీ మెత్తబడిపోయాయి. గిన్నెల్ని గిన్నెల్లా కాక గుడ్ల మాదిరి పట్టుకున్నాను. కుళాయిని దారమంత సన్నగా తిప్పి, బిందె లోపలి అంచు వెంట జారేలా నీళ్ళు పట్టుకున్నాను. ఊరూ పేరూ తెలియని మనిషి ఇంటి నడుమ నిద్రపోతుంటే, మా ఇంట్లో మేమే చుట్టాలమైనట్టు మునివేళ్ళ మీద తిరిగాం. ఎండలో నలుసులు ఆవిడ ఊపిరికి పైకి లేచి, మళ్ళీ నెమ్మదిగా దిగుతున్నాయి.

ఎండ ఆవిడ మోకాళ్ళు దాటి పక్కకు జరిగింది. నిద్రలోనే ఆవిడ భుజాలు దగ్గరకు ముడుచుకుంది. అత్తయ్య నాకు కళ్ళతో సైగ చేశారు. నేను వంగి బొంత అంచు పట్టుకున్నాను. కుర్చీ కదిలింది. అత్తయ్యకన్నా బరువైన మనిషే అయినా, నేల తన దారి తనకు తెలిసినట్టు జార్చుకుపోయింది. గుమ్మం దగ్గర మేం గడప తీయించేసి చాలా కాలమైంది. కుర్చీ నడిమి గదిలోకి వచ్చింది. ఆవిడ భుజాలు మళ్ళీ వదులయ్యాయి.

నేను వంటింట్లో కూర మూత తీస్తుంటే అత్తయ్య గొంతు వినిపించింది. చిన్న స్టూలు వేసుకుని కుర్చీ పక్కన కూర్చుని, నిద్రపోతున్న ఆవిడ చెవి దగ్గర చెబుతున్నారు.

"ఇదిగో అమ్మాయ్, నీకో మాట చెప్పాలి. ఈ ఎండ చలికాలపు ఎండ. ఇంకొన్నాళ్ళే. ఆ తర్వాత ఈ ఇల్లు చీకటి కొట్టు. లైటు వెయ్యందే అన్నంలో రాయి కనపడదు. బట్టలకు చెమ్మ. తెలిసి కొనుక్కుంటే కొనుక్కో. తర్వాత నన్ననొద్దు."

నన్ను చూసి మోకాళ్ళ మీద చేతులు వేసి లేచారు. "చెప్పేశాను. నా బరువు దిగింది," అన్నారు.

"నిద్రలో చెబితే ఏం లాభం అత్తయ్యా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు."

"ఊదడం మన వంతు. వినడం వాళ్ళ వంతు."

ఆవిడ వెనక గదిలో మేలుకుంది. ఎండ అప్పటికి పలచబడి, తేనె రంగుకు తిరిగింది. గోడలు చూసింది, కిటికీ చూసింది, కాళ్ళ కింద బొంత చూసింది.

"నేను... ఆ గదిలో కదండీ కూర్చుంది?"

"అక్కడే కూర్చున్నారు," అన్నాను.

"మరి ఇక్కడికెలా..."

"ఎండతో పాటు వచ్చావు," అన్నారు అత్తయ్య.

ఆవిడ రెండు చేతులతో ముఖం తుడుచుకుంది. రెప్పల ఉబ్బు తగ్గి, కళ్ళు పెద్దవయ్యాయి. చిన్నప్పుడు ఆవిడ ఎలా ఉండేదో ఒక్క క్షణం కనిపించింది. "కలలో పడవలో ఉన్నాను. ఎన్నేళ్ళయిందో నాకు కల వచ్చి," అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఈ ఎండ రోజూ ఇలాగే వస్తుందాండీ?"

నేను నోరు తెరిచేలోగా, "రోజూ వస్తుంది," అన్నారు అత్తయ్య. అత్తయ్య దృష్టిలో మిగతాది చెప్పేయడం అయిపోయింది. నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రమే ఏజెంటు ఫోన్. ఆవిడ ఒప్పుకుంది, బేరం కూడా ఆడలేదు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే మంచం మీద కూర్చుండిపోయారు. "ఇంక పొద్దున్నే తాపీగా లేవచ్చు. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తినచ్చు," అన్నారు, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "నిన్ను వెలుతురులో చూడచ్చు." నవ్వించడానికే అన్నారు. నేను చెప్పాలనుకున్న మాటను ఆ రాత్రికి మింగేశాను.

తర్వాత ఆవిడ కిటికీల కొలతలు తీసుకుంటానని ఒకసారి వచ్చింది. టేపు చేత్తో పట్టుకునే నిద్రపోయింది. ఇంకోసారి తలుపు రంగు చూస్తానని. ఆ పైన సాకులు చెప్పడం కూడా మానేసింది. బట్టీ నుంచి తెచ్చిన వేడి రొట్టెను కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టి, తిన్నగా వెళ్ళి కుర్చీలో కూర్చునేది. అత్తయ్య పక్కన ఇంకో కుర్చీ వేయించుకున్నారు. ఇద్దరూ ఒకే ఎండలో, రెండు పిల్లుల్లా. ఇద్దరి బొంతలూ లాగడం నా పని.

"నిద్ర ఆంటీ వచ్చిందా?" అని అడిగేది మా అమ్మాయి కాలేజీ నుంచి రాగానే.

"ఇంతకీ ఆవిడ కొనేది ఇల్లా, కుర్చీనా?" అనేవారు మా ఆయన, రొట్టె తుంచుకుంటూ.

ఇల్లు తుడిచేవాళ్ళకు ఇంట్లో మార్పు ముందు తెలుస్తుంది. ఒకరోజు ఎండ బీరువా కాలి దాకా రాలేదు. మరికొన్ని రోజులకు గది మధ్య దాకా కూడా రాలేదు. అల వెనక్కి పోయినట్టు కిటికీ వైపు జరుగుతోంది. గచ్చు మీద మెరిసే దారి ఒకచోట, ఎండ ఒకచోట. నేను కుర్చీని దారి తప్పించి, కిటికీ వైపు లాగవలసి వచ్చింది. ఆవిడ సగం నిద్రలో కళ్ళు తెరిచి, "ఇవాళ మబ్బేమో," అంది.

ఆకాశంలో వేలెడంత మబ్బు లేదు.

మర్నాడు చీకటితోనే, ఆయన బూట్లు తొడుక్కుంటున్నప్పుడు అన్నాను, "ఆవిడకు చెప్పాలండీ."

ఏమిటని అడగలేదు. ఆయనకూ లోపల అదే నలుగుతోందని అప్పుడే తెలిసింది. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగనిదాన్ని మనమెందుకు వడ్డించాలి?" అన్నారు.

"అడిగింది. రోజూ వస్తుందా అని అడిగింది."

ఆయన లేసు ముడి విప్పి మళ్ళీ వేశారు. "ఆవిడ కాదంటే ఫ్లాటు చేజారిపోతుంది. ఆ బస్సులో ఇంకో ఏడాది... నా వల్ల కాదే," అన్నారు. కోపంగా అంటే బదులు చెప్పేదాన్ని. బతిమాలినట్టు అన్నారు. తలుపు దగ్గరగా వేసి, ఆ మంచులోకి వెళ్ళిపోయారు.

ఆ రోజంతా ఆవిడ నిద్ర చూస్తూ పనులు చేసుకున్నాను. చలి పోయాక ఆవిడ ఇదే గదిలో, ఇదే చోట, లైటు వేసుకుని కూర్చోవడం కళ్ళకు కట్టింది. రొట్టెల సంచి ఒడిలో పెట్టుకుని, రాని ఎండ కోసం కిటికీ వైపు చూస్తూ. అప్పుడు మేం ఊరి అవతల, ఆవిడ ఊసే తలవకుండా హాయిగా అన్నం తింటూ ఉంటాం.

ఒప్పందం కాగితాల మీద సంతకాలకు ఇంక ఒక్కరోజే ఉంది. రాత్రి అందరం వెనక గదిలో భోజనాలకు కూర్చున్నాం. బల్ల మధ్యలో ఆవిడ తెచ్చిన రొట్టె. నేను కూర వడ్డించాను.

"కుర్చీ మాత్రం నాతో వస్తుంది," అన్నారు అత్తయ్య.

"ఆ ఫ్లాటులో ఎండ రాదు కదా నానమ్మా, ఎక్కడికని లాగుతాం?" అంది మా అమ్మాయి.

"ముందు తినండి," అన్నారు ఆయన.

నేను గరిటె కింద పెట్టాను. "రేపు ఆవిడ వచ్చేసరికి మూడు కిటికీలకూ బొంతలు కట్టేస్తాను," అన్నాను.

"చలికా?" అన్నారు అత్తయ్య.

"చలికి కాదు. నడిమి గదిలో లైటు వేసి, ఆవిడని కుర్చీలో కూర్చోనివ్వకుండా మూడు గదులూ తిప్పి, ఎండాకాలం ఇల్లు చూపిస్తాను. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇల్లు ఇలాగే ఉంటుందని మెలకువగా ఉన్నప్పుడు చెబుతాను. అప్పుడు కూడా కావాలంటే ఇల్లు ఆవిడది. వద్దంటే, ఇంకెవరొచ్చినా వాళ్ళకూ రెండిళ్ళూ చూపిస్తాం. ఒక్కటే చూపించి అమ్మడం నా వల్ల కాదు."

మా అమ్మాయి చేతిలో ముద్ద కంచంలోనే పెట్టేసింది.

"నేను చెప్పేశాగా!" అన్నారు అత్తయ్య.

"నిద్రలో చెబితే ఎక్కుతుందా నానమ్మా? అలా ఎక్కేదైతే కాలేజీలో నేనే ఫస్టు," అంది మా అమ్మాయి. ఎవరూ నవ్వకపోయేసరికి తల దించుకుని తినసాగింది.

"ఆవిడ వద్దంటే?" అన్నారు ఆయన.

"ఫ్లాటు పోతుంది. మీరు మళ్ళీ చీకట్లో వెళ్ళి చీకట్లో రావాలి. తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు."

ఆయన రొట్టె ముక్క తుంచారు. తినలేదు. వేళ్ళ మధ్య తిప్పుతూ కిటికీ వైపు చూశారు. అద్దంలో మా నలుగురి నీడలు తప్ప ఏమీ లేదు. చాలాసేపు అలాగే చూశారు.

"ఆ కిటికీల పైన కొక్కేలు నీకు అందవు," అన్నారు చివరికి. "నేను సెలవు పెడతాను."

అత్తయ్య కంచంలోంచి తలెత్తారు.

"బొంతలు ఎన్నింటికి కట్టాలి?" అని ఆయనే మళ్ళీ అడిగారు.

"ఎండ ముందు గది గుమ్మం ఎక్కేసరికి అయిపోవాలి," అన్నారు అత్తయ్య.

"అంటే ఎన్నింటికమ్మా?"

"రేపు ఇంట్లోనే ఉంటావుగా," అన్నారు అత్తయ్య, కొడుకు కంచంలో ఇంకాస్త కూర వేస్తూ. "చూడు, తెలుస్తుంది."